వ్యాపార నిర్వహణలో స్నాతకోత్తర విద్య

వ్యాపార నిర్వహణలో స్నాతకోత్తర విద్య అంటే, ఏదైనా ఒక విషయంలో డిగ్రీ పూర్తిచేసిన తరువాత సంస్థలను నడిపే విధానాన్ని అభ్యసించడానికి చదివే ఉన్నత విద్య. దీనిలో ప్రధానమైన పట్టా మాస్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. దీనిని సంక్షిప్తంగా ఎం.బి.ఎ. అని వ్యవహరిస్తారు. ఈ పట్టా కోసం చదివే పాఠ్యాంశాలు అనేకం ఉన్నా, వాటికి పునాదిగా నిలిచేవి గణకశాస్త్రం (అకౌంటింగ్), అర్థశాస్త్రం (ఎకనామిక్స్), నిర్వహణ శాస్త్రం (మేనేజిమెంటు). ఫైనాన్సు, మార్కెటింగు, మానవ వనరులు, ఉత్పత్తి నిర్వహణ వంటి ప్రత్యేక విషయాలన్నీ ఈ మూడింటిపైనే ఆధారపడి ఉంటాయి.

ఈ మూడు శాస్త్రాలు వేర్వేరు తరగతులలో, వేర్వేరు పరీక్షలతో బోధింపబడతాయి. కాని వ్యాపారంలో ఎదురయ్యే ప్రతి నిర్ణయానికీ ఈ మూడింటి అవసరమూ ఒకేసారి కలుగుతుంది. ఏది జరిగిందో గణకశాస్త్రం చెబుతుంది. దానికి బదులుగా ఏమి వదులుకున్నామో అర్థశాస్త్రం చెబుతుంది. ఆ పనిని మనుషుల చేత ఎలా చేయించాలో నిర్వహణ శాస్త్రం చెబుతుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ దారి తప్పించగలవు.

చరిత్ర

వ్యాపార విద్యాలయాలలో పురాతనమైన వాటిలో ఒకటి 1819లో పారిస్ నగరంలో స్థాపించబడింది. అమెరికాలో విశ్వవిద్యాలయ స్థాయిలో తొలి వ్యాపార విద్యాలయం 1881లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. దానికి విరాళమిచ్చిన పారిశ్రామికవేత్త జోసెఫ్ వార్టన్ పేరు మీద దానిని వార్టన్ స్కూలు అంటారు. అక్కడ మొదట డిగ్రీ స్థాయి చదువు మాత్రమే ఉండేది. డిగ్రీ తరువాతి స్థాయిలో వ్యాపార విద్యను బోధించిన తొలి సంస్థ డార్ట్‌మౌత్ కళాశాలకు చెందిన టక్ స్కూలు (1900). ఎం.బి.ఎ. అనే పేరుతో కోర్సును మొదట ప్రారంభించినది హార్వర్డ్ విశ్వవిద్యాలయం (1908).

ఆ కాలంలో అమెరికాలో రైలు మార్గాలు, ఉక్కు కర్మాగారాలు, టెలిఫోను సంస్థలు విపరీతంగా పెరిగాయి. యజమానే అన్నీ చూసుకునే చిన్న దుకాణం స్థానంలో వేలమంది ఉద్యోగులున్న సంస్థలు వచ్చాయి. పెట్టుబడి పెట్టిన వారు ఒకరు, సంస్థను నడిపేవారు మరొకరు అయ్యారు. జీతానికి పనిచేసే ఈ నిర్వాహకులకు శిక్షణ ఎక్కడ, ఎలా ఇవ్వాలి అన్న ప్రశ్నకు సమాధానంగానే ఈ విద్యాలయాలు పుట్టాయి.

తొలి దశాబ్దాలలో బోధన ఎక్కువగా అనుభవజ్ఞుల ఉపన్యాసాలతోను, వృత్తి నైపుణ్యాలతోను సాగింది. 1959లో ఫోర్డ్ ఫౌండేషను, కార్నెగీ కార్పొరేషను సహాయంతో వెలువడిన రెండు నివేదికలు ఈ చదువులో శాస్త్రీయత తక్కువగా ఉన్నదని విమర్శించాయి. దాని ఫలితంగా అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటి విషయాలకు పాఠ్యక్రమంలో పెద్దపీట వేశారు. నేటి ఎం.బి.ఎ. పాఠ్యక్రమం చాలావరకు ఆ మార్పు తరువాత ఏర్పడినదే.

కోర్సు నిర్మాణం

భారతదేశంలో ఎం.బి.ఎ. సాధారణంగా రెండు సంవత్సరాల కోర్సు. మొదటి సంవత్సరంలో అందరూ తప్పనిసరిగా చదవవలసిన విషయాలుంటాయి. రెండవ సంవత్సరంలో విద్యార్థి తనకు నచ్చిన ప్రత్యేక విభాగాన్ని ఎంచుకుంటాడు. రెండు సంవత్సరాల మధ్య వేసవిలో ఏదైనా సంస్థలో పనిచేసి నివేదిక సమర్పించాలి. ఉద్యోగానుభవం ఉన్నవారి కోసం ఒక్క సంవత్సరంలో పూర్తయ్యే కోర్సులు కూడా ఉన్నాయి. ఉద్యోగం మానకుండా చదివే ఎగ్జిక్యూటివ్ ఎం.బి.ఎ. కోర్సును 1943లో షికాగో విశ్వవిద్యాలయం ప్రారంభించింది.

వాణిజ్యశాస్త్రం చదివినవారితో పాటు ఇంజనీరింగు, వైద్యం, సాహిత్యం చదివినవారు కూడా ఈ కోర్సులో చేరవచ్చు. అందుచేత మొదటి సంవత్సరం పాఠాలు మూలసూత్రాల నుండి మొదలవుతాయి. ఆ మూలసూత్రాలను ఈ కింది కల్పిత ఉదాహరణ ద్వారా పరిశీలించవచ్చు.

ఒక ఉదాహరణ

నెలకు రూ. 40,000 జీతం వచ్చే ఉద్యోగాన్ని వదిలి, ఒక మహిళ పచ్చళ్ళ వ్యాపారం ప్రారంభించిందనుకుందాం. తాను దాచుకున్న రూ. 10,00,000 అందులో పెట్టుబడి పెట్టింది. ఆ సొమ్ములో రూ. 5,00,000తో యంత్రాలు కొన్నది. అవి 5 సంవత్సరాలు పనిచేస్తాయి. మొదటి సంవత్సరంలో సీసా ఒక్కింటికి రూ. 300 చొప్పున 12,000 సీసాలు అమ్మింది. ఒక్కొక్క సీసాకు కాయలు, నూనె, కారం, సీసా అన్నీ కలిపి రూ. 180 ఖర్చయింది. అద్దె రూ. 2,40,000, పనివారి జీతాలు రూ. 4,80,000, విద్యుత్తు, రవాణా రూ. 1,20,000. ఇంటి ఖర్చులకు ఆమె వ్యాపారంలోనుండి ఏమీ తీసుకోలేదు. సంవత్సరాంతానికి దుకాణదారుల నుండి రావలసిన బాకీలు రూ. 6,00,000, అమ్ముడుపోని సరుకు రూ. 3,00,000 ఉన్నాయి. ఆమె ఎవరికీ బాకీ లేదు. పన్నులను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఈ వ్యాపారం లాభసాటిగా ఉన్నదా? మూడు శాస్త్రాలు ఈ ప్రశ్నకు మూడు విధాలుగా సమాధానమిస్తాయి.

గణకశాస్త్రం

గణకశాస్త్రం వ్యాపార వ్యవహారాలను నమోదుచేసి, వర్గీకరించి, నివేదికల రూపంలో అందించే శాస్త్రం. దీనికి మూలమైన జంటపద్దు విధానాన్ని ఇటలీ వర్తకులు మధ్యయుగంలోనే వాడేవారు. 1494లో వెనిస్ నగరంలో ముద్రితమైన తన గణితగ్రంథంలో లూకా పాచియోలీ దానిని వివరించాడు. ఈ విధానంలో ప్రతి వ్యవహారానికీ రెండు పక్షాలుంటాయి. ఒక ఖాతాకు ఖర్చు రాస్తే మరొక ఖాతాకు జమ రాయాలి. వ్యవహారాలను మొదట చిట్టాలోను, తరువాత ఆవర్జాలోను నమోదు చేస్తారు. రెండు వైపుల మొత్తాలు సరిపోయాయో లేదో చూడడానికి అంకణా తయారుచేస్తారు.

పై ఉదాహరణలో అమ్మకాలు రూ. 36,00,000. సరుకు ఖర్చు రూ. 21,60,000. అద్దె, జీతాలు, ఇతర ఖర్చులు కలిపి రూ. 8,40,000. యంత్రాల తరుగుదల సంవత్సరానికి రూ. 1,00,000. ఇవన్నీ తీసివేయగా మిగిలిన లాభం రూ. 5,00,000.

అయితే చేతిలో ఉన్న నగదు ఎంత? అమ్మకాలలో వసూలైనది రూ. 30,00,000 మాత్రమే. అమ్మిన సరుకుకు, మిగిలిన సరుకుకు కలిపి ఆమె చెల్లించినది రూ. 24,60,000. ఇతర ఖర్చులకు చెల్లించినది రూ. 8,40,000. అంటే వచ్చిన దానికన్నా రూ. 3,00,000 ఎక్కువ చెల్లించింది. యంత్రాల ధర కూడా పోగా, పెట్టుబడిలో మిగిలిన నగదు రూ. 2,00,000. సంవత్సరాంతంలో ఆస్తి అప్పుల పట్టీ ఈ విధంగా ఉంటుంది.

ఆస్తులు: నగదు రూ. 2,00,000, రావలసిన బాకీలు రూ. 6,00,000, సరుకు రూ. 3,00,000, తరుగుదల పోగా యంత్రాలు రూ. 4,00,000. మొత్తం రూ. 15,00,000.
వీటికి మూలం: యజమాని పెట్టుబడి రూ. 10,00,000, లాభం రూ. 5,00,000. మొత్తం రూ. 15,00,000.

పట్టీ సరిపోయింది, లాభమూ వచ్చింది. కాని మామిడికాయల కాలంలో కాయలు కొనడానికి ఆమె చేతిలో రూ. 2,00,000 మాత్రమే ఉన్నది. లాభం, నగదు ఒకటి కావు అన్నది గణకశాస్త్ర తరగతిలో నేర్పే మొదటి పెద్ద పాఠం. లాభాలలో ఉన్న సంస్థ కూడా నగదు లేక మూతపడవచ్చు. అందువల్లనే లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ, నగదు ప్రవాహ నివేదిక అనే మూడింటినీ కలిపి చదవడం నేర్పుతారు.

ఎం.బి.ఎ.లో గణకశాస్త్రం రెండు భాగాలుగా ఉంటుంది. పెట్టుబడిదారులు, బ్యాంకులు, ప్రభుత్వం వంటి బయటివారికి నివేదికలు అందించే భాగాన్ని ఆర్థిక గణకశాస్త్రం అంటారు. సంస్థలోని వారు నిర్ణయాలు తీసుకోవడానికి లెక్కలు వేసే భాగాన్ని నిర్వహణ గణకశాస్త్రం అంటారు. అమ్మకాలతో పాటు పెరిగే చర వ్యయాన్ని, అమ్మకాలతో సంబంధం లేని స్థిర వ్యయాన్ని విడదీయడం రెండవ భాగంలో ముఖ్యమైన అంశం. పై ఉదాహరణలో ఒక్కొక్క సీసా మీద రూ. 120 మిగులుతుంది. తరుగుదలతో కలిపి స్థిర వ్యయం రూ. 9,40,000. కాబట్టి 7,834 సీసాలు అమ్మితే గాని నష్టం తీరదు. దీనిని లాభనష్టరహిత బిందువు అంటారు.

అర్థశాస్త్రం

అర్థశాస్త్రజ్ఞుడు ఇదే వ్యాపారాన్ని చూసి మరొక ప్రశ్న వేస్తాడు: ఈ పని చేయకపోతే ఆమె మరేమి చేసి ఉండేది? ఉద్యోగంలో కొనసాగి ఉంటే సంవత్సరానికి రూ. 4,80,000 జీతం వచ్చేది. పెట్టుబడి సొమ్మును 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేసి ఉంటే రూ. 70,000 వచ్చేది. ఈ రెండూ ఏ ఖాతా పుస్తకంలోను కనిపించవు. కాని ఆమె వదులుకున్నది వీటినే. ఒక పని కోసం వదులుకున్న ఉత్తమ ప్రత్యామ్నాయపు విలువను అవకాశ వ్యయం అంటారు. రూ. 5,00,000 లాభంలో నుండి రూ. 5,50,000 అవకాశ వ్యయాన్ని తీసివేస్తే రూ. 50,000 నష్టం తేలుతుంది. ఈ నష్టం పోవాలంటే 12,417 సీసాలు అమ్మవలసి ఉంటుంది.

గణకుడు చూపిన లాభమూ నిజమే, అర్థశాస్త్రజ్ఞుడు చూపిన నష్టమూ నిజమే. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానమిచ్చారు. గణకుడి ప్రశ్న జరిగిపోయిన సంవత్సరం గురించి. అర్థశాస్త్రజ్ఞుడి ప్రశ్న వచ్చే సంవత్సరం ఏమి చేయాలన్న దాని గురించి.

సూక్ష్మ అర్థశాస్త్రం ఎం.బి.ఎ. విద్యార్థికి నేర్పే ఇతర భావనలలో ముఖ్యమైనవి:

డిమాండు వ్యాకోచత్వం: ధర మారినప్పుడు కొనుగోళ్ళు ఎంత మారతాయో చెప్పే కొలత. సీసా ధరను రూ. 330కి పెంచితే ఎంతమంది కొనుగోలుదారులు పక్క దుకాణానికి వెళ్ళిపోతారన్నది దీని వలన తెలుస్తుంది.

ఉపాంత వ్యయం: మరొక్క సీసా తయారు చేయడానికి అదనంగా అయ్యే ఖర్చు. ఇది సగటు వ్యయం కన్నా తక్కువ కావచ్చు, ఎక్కువ కావచ్చు.

మునిగిన ఖర్చు: ఇప్పటికే పెట్టేసి, తిరిగి రాని ఖర్చు. యంత్రాలను తిరిగి అమ్మితే వచ్చే సొమ్మును మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. వాటికి ఎంత పెట్టామన్నది రేపటి నిర్ణయాన్ని శాసించకూడదు.

అసమాన సమాచారం: అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియకపోవడం. పాత కార్ల మార్కెట్టును ఉదాహరణగా తీసుకొని జార్జ్ అకెర్లాఫ్ 1970లో దీనిని వివరించాడు. 2001లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఇతడొకడు.

వీటితో పాటు పోటీ రకాలు, ఏకస్వామ్యం, క్రీడా సిద్ధాంతం బోధిస్తారు. ద్రవ్యోల్బణం, వడ్డీ రేట్లు, మారకపు విలువలు స్థూల అర్థశాస్త్రంలోకి వస్తాయి. అసలు సంస్థలు ఎందుకు ఉన్నాయి, అన్ని పనులూ మార్కెట్టులో ఒప్పందాల ద్వారానే ఎందుకు జరగవు అని రొనాల్డ్ కోస్ 1937లో వేసిన ప్రశ్న అర్థశాస్త్రాన్ని, నిర్వహణ శాస్త్రాన్ని కలిపే వంతెన వంటిది. మార్కెట్టులో బేరమాడడానికి, ఒప్పందం రాసుకోవడానికి, దానిని అమలు జరపడానికి కూడా ఖర్చవుతుంది కాబట్టి సంస్థలు ఏర్పడతాయని అతని సమాధానం. అతనికి 1991లో నోబెల్ బహుమతి లభించింది.

నిర్వహణ శాస్త్రం

లెక్కలు ఎంత సరిగా వేసినా, పని చేసేది మనుషులే. ఇతరుల ద్వారా పనులు నెరవేర్చడం నిర్వహణ శాస్త్రపు విషయం. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రచురించిన గ్రంథంలో ప్రతి పనినీ కొలిచి, విభజించి, ఉత్తమమైన పద్ధతిని నిర్ణయించవచ్చని వాదించాడు. ఫ్రాన్సుకు చెందిన గనుల ఇంజనీరు హెన్రీ ఫేయోల్ 1916లో ప్రణాళిక, వ్యవస్థీకరణ, ఆదేశం, సమన్వయం, నియంత్రణ అనేవి నిర్వాహకుని విధులని పేర్కొన్నాడు.

1924 నుండి 1932 వరకు షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో జరిగిన ప్రయోగాలు ఈ ఆలోచనను మలుపు తిప్పాయి. వెలుతురు, విశ్రాంతి సమయం వంటి వాటితో పాటు, తోటివారితో సంబంధాలు, తమను ఎవరైనా పట్టించుకుంటున్నారన్న భావన కూడా పనిపై ప్రభావం చూపుతాయని ఎల్టన్ మేయో, అతని సహచరులు నిర్ధారించారు. ఆ ప్రయోగాల పద్ధతిపై తరువాతి పరిశోధకులు అనేక సందేహాలు వ్యక్తం చేశారు. అయినా పనివాడిని యంత్రభాగంగా చూడరాదన్న అభిప్రాయానికి ఆ ప్రయోగాలు బలం చేకూర్చాయి. మనిషికి సంపూర్ణ సమాచారం ఉండదని, అందుచేత అత్యుత్తమమైన దానిని కాక సరిపోయేదానిని ఎంచుకుంటాడని హెర్బర్ట్ సైమన్ చూపించాడు. అతడు 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

పచ్చళ్ళ ఉదాహరణకు తిరిగి వస్తే, పనివారికి నెల జీతానికి బదులు సీసాకు ఇంత అని ఇస్తే ఉత్పత్తి పెరగవచ్చు. కాని కాయను తడి లేకుండా తుడిచే శ్రద్ధ తగ్గవచ్చు. తడి తగిలిన పచ్చడికి బూజు పడుతుంది. ఆ నష్టం నెలల తరువాత బయటపడుతుంది. సులభంగా కొలవగలిగిన దానికే ప్రతిఫలం ఇస్తే, కొలవలేనిది నిర్లక్ష్యానికి గురవుతుంది. సంస్థల ప్రవర్తన, మానవ వనరుల నిర్వహణ, వ్యూహం అనే తరగతులలో ఈ రకమైన సమస్యలను చర్చిస్తారు.

ఒకే నిర్ణయం, మూడు దృష్టులు

రెండవ సంవత్సరంలో ఒక హోటలు యజమాని వచ్చి సీసా రూ. 220 చొప్పున 1,000 సీసాలు అడిగాడనుకుందాం. ఇవ్వవచ్చునా?

స్థిర వ్యయాన్ని 12,000 సీసాలకు పంచితే ఒక్కొక్క సీసాకు సుమారు రూ. 78 వస్తుంది. దానికి రూ. 180 కలిపితే సీసా సగటు వ్యయం సుమారు రూ. 258. ఈ లెక్క ప్రకారం హోటలుకు అమ్మితే సీసాకు రూ. 38 నష్టం. కాని అద్దె, తరుగుదల ఈ అమ్మకం జరిగినా జరగకపోయినా ఉంటాయి. అదనపు ఖర్చు రూ. 180 మాత్రమే కాబట్టి సీసాకు రూ. 40, మొత్తం రూ. 40,000 మిగులుతుందని ఉపాంత విశ్లేషణ చెబుతుంది. ఇక్కడ సగటు వ్యయం చూసి తిరస్కరించడం పొరపాటు అవుతుంది.

అయితే ఉపాంత విశ్లేషణతోనే నిర్ణయం ముగియదు. ఉన్న పనివారు ఆ 1,000 సీసాలు కూడా చేయగలరా, అదనపు వేతనం అడుగుతారా? హోటలు సొమ్ము ఎన్నాళ్ళకు చెల్లిస్తుంది? రూ. 300కి కొంటున్న దుకాణదారులకు ఈ ధర తెలిస్తే ఏమంటారు? పాత ఖాతాదారులందరికీ సీసాకు రూ. 10 తగ్గించవలసి వచ్చినా సంవత్సరానికి రూ. 1,20,000 ఆదాయం పోతుంది. రూ. 40,000 కోసం రూ. 1,20,000 పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. హోటలుకు వేరే పరిమాణంలో, వేరే పేరుతో సరఫరా చేస్తే ఈ చిక్కు తప్పవచ్చు. ఈ విధంగా ఒక్క శాస్త్రం ఇచ్చిన సమాధానాన్ని మరొకటి సరిదిద్దుతుంది.

బోధనా పద్ధతులు

వ్యాపార విద్యాలయాలలో ప్రసిద్ధమైన పద్ధతి కేస్ పద్ధతి. ఒక సంస్థకు నిజంగా ఎదురైన పరిస్థితిని కొన్ని పుటలలో వివరించి, విద్యార్థి ఆ నిర్వాహకుని స్థానంలో ఉంటే ఏమి చేస్తాడో చెప్పమంటారు. న్యాయవిద్యలో అంతకు ముందే ఉన్న ఈ తరహా బోధనను హార్వర్డ్ వ్యాపార విద్యాలయం 1920లలో విస్తృతంగా అమలుచేసింది. తరగతిలో ఒకే సరైన సమాధానం ఉండదు. వాదన ఎంత బలంగా ఉన్నదన్నదే ముఖ్యం. అసంపూర్ణ సమాచారంతో నిర్ణయం తీసుకోవడం దీనివల్ల అలవడుతుంది. కాని ఇరవై పుటలు చదివి ఏ పరిశ్రమనైనా అర్థం చేసుకోగలనన్న అతివిశ్వాసాన్ని పెంచుతుందని ఈ పద్ధతిపై ఆక్షేపణ ఉన్నది. దీనితో పాటు ఉపన్యాసాలు, లెక్కల సాధన, బృంద ప్రాజెక్టులు ఉంటాయి.

భారతదేశంలో

కలకత్తాలో 1953లో ఏర్పడిన భారతీయ సాంఘిక సంక్షేమ, వ్యాపార నిర్వహణ సంస్థ దేశంలో ఈ విద్యకు ఆద్యురాలు. 1961లో కేంద్రప్రభుత్వం కలకత్తా, అహమ్మదాబాదులలో భారతీయ నిర్వహణ సంస్థలను (ఐ.ఐ.ఎం.) నెలకొల్పింది. కలకత్తా సంస్థకు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అహమ్మదాబాదు సంస్థకు హార్వర్డ్ సహకరించాయి. విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లేనందున ఐ.ఐ.ఎం.లు చాలాకాలం పట్టాకు బదులు డిప్లొమా ఇచ్చేవి. 2017లో చేసిన చట్టం ద్వారా వాటికి పట్టాలు ఇచ్చే అధికారం లభించింది. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా లేని స్వతంత్ర సంస్థలు ఇచ్చే చదువును నేటికీ పి.జి.డి.ఎం. అనే డిప్లొమాగానే పేర్కొంటారు.

తెలుగు ప్రాంతాలలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఎ. కోర్సును ప్రారంభించింది. పనిలో ఉన్న అధికారులకు శిక్షణనిచ్చే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ 1956లో హైదరాబాదులో ఏర్పడింది. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో మొదలైంది. విశాఖపట్నంలో ఐ.ఐ.ఎం. 2015లో ప్రారంభమైంది. ఐ.ఐ.ఎం.లలో ప్రవేశానికి క్యాట్ పరీక్ష, రెండు తెలుగు రాష్ట్రాలలోని విశ్వవిద్యాలయాలలోను, వాటి అనుబంధ కళాశాలలలోను ప్రవేశానికి ఆయా రాష్ట్రాల ఐసెట్ పరీక్ష నిర్వహిస్తారు. విదేశీ విద్యాలయాలలో చాలావి ప్రవేశానికి జీమ్యాట్‌ను అంగీకరిస్తాయి. ఈ పరీక్షకు మూలరూపం 1954లో మొదలైంది.

ఎం.బి.ఎ. బోధన ప్రధానంగా ఆంగ్లంలో జరుగుతుంది. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇది అదనపు భారం. అయితే 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన అర్థశాస్త్ర, వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఈ శాస్త్రాల పరిభాష చాలావరకు తెలుగులో లభిస్తుంది. చిట్టా, ఆవర్జా, జమ, ఖర్చు వంటి మాటలు పాఠ్యపుస్తకాలకు ముందే వర్తకుల వాడుకలో ఉన్నవే.

సత్యం ఉదంతం

మూడు శాస్త్రాలూ ఒకేచోట విఫలమైతే ఏమవుతుందో చూపడానికి వ్యాపార విద్యాలయాలు చర్చించే ఉదంతాలలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్స్ ఒకటి. 2009 జనవరి 7న ఆ సంస్థ అధ్యక్షుడు బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలో లెక్కలు తారుమారు అయ్యాయని అంగీకరించాడు. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో రూ. 5,040 కోట్లు అసలు లేవు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు రూ. 2,700 కోట్ల ఆదాయం, రూ. 649 కోట్ల నిర్వహణ లాభం చూపగా, నిజానికి ఆదాయం రూ. 2,112 కోట్లు, లాభం రూ. 61 కోట్లు మాత్రమే. రెండింటిలోను తేడా ఒక్కటే: రూ. 588 కోట్లు. జంటపద్దు విధానంలో ఒకవైపు లేని ఆదాయాన్ని రాస్తే మరొకవైపు లేని ఆస్తిని చూపక తప్పదు. ఆ లేని ఆస్తే బ్యాంకు నిల్వగా పేరుకుపోయింది.

పట్టీ రెండు వైపులా సరిపోవడం వేరు, పట్టీలోని వస్తువు లోకంలో ఉండడం వేరు అని ఈ ఉదంతం చెబుతుంది. బ్యాంకు నిల్వలను బ్యాంకుల నుండే ధృవీకరించుకొనే పద్ధతిని ఆడిటర్లు సరిగా పాటించలేదని 2011లో అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ తన ఉత్తర్వులో పేర్కొన్నది. 2008 డిసెంబరులో యాజమాన్య కుటుంబానికి చెందిన రెండు సంస్థలను కొనాలన్న ప్రతిపాదనను సత్యం బోర్డు ఆమోదించింది. వాటాదారులు తీవ్రంగా వ్యతిరేకించడంతో దానిని ఉపసంహరించుకున్నారు. ఆ బోర్డులోని స్వతంత్ర డైరెక్టర్లలో పేరుపొందిన వ్యాపార విద్యాలయాల ఆచార్యులు కూడా ఉన్నారు. యజమానుల ప్రయోజనమూ వాటాదారుల ప్రయోజనమూ వేరైనప్పుడు ఏమి జరుగుతుందో అర్థశాస్త్రం చెప్పింది. అడగవలసిన ప్రశ్నలు అడిగే వాతావరణం బోర్డులో ఉండాలని నిర్వహణ శాస్త్రం చెప్పింది. అయినా మోసం సంవత్సరాల తరబడి సాగింది.

2009లోనే సత్యం సంస్థను టెక్ మహీంద్రా కొనుగోలు చేసింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా 10 మందిని దోషులుగా ప్రకటించింది. వారి అప్పీలుపై అదే సంవత్సరం మే నెలలో శిక్ష అమలు నిలిపివేయబడింది. ఆడిటర్లను నిర్ణీత కాలం తరువాత మార్చడం తప్పనిసరి చేస్తూ, స్వతంత్ర డైరెక్టర్ల బాధ్యతలను వివరిస్తూ 2013లో కొత్త కంపెనీల చట్టం వచ్చింది. 2018లో ఆడిటర్లపై పర్యవేక్షణకు జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఏర్పడింది.

విమర్శలు

ఈ విద్య అందులో పనిచేసేవారి నుండే తీవ్రమైన విమర్శలను ఎదుర్కొన్నది. నిర్వహణ అనేది అనుభవంతో అబ్బే కళ అని, అనుభవం లేని యువకులకు తరగతి గదిలో దానిని నేర్పలేమని కెనడా ఆచార్యుడు హెన్రీ మింట్స్‌బర్గ్ 2004లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. కలకత్తాలో జన్మించి లండన్‌లో బోధించిన సుమంత్ర ఘోషాల్ రాసిన వ్యాసం అతని మరణానంతరం 2005లో వెలువడింది. మనిషి స్వార్థపరుడు మాత్రమే అనే ఊహపై నిర్మించిన సిద్ధాంతాలను పదేపదే బోధిస్తే, విద్యార్థులు అలాగే ప్రవర్తించడం నేర్చుకుంటారని అతని వాదన. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత, 2009లో హార్వర్డ్ విద్యార్థులు కొందరు వైద్యుల ప్రమాణం వంటి ఒక ప్రమాణాన్ని స్వచ్ఛందంగా స్వీకరించే ఉద్యమం ప్రారంభించారు. నేడు చాలా విద్యాలయాలలో వ్యాపార నీతి, సంస్థాగత పాలన పాఠ్యాంశాలుగా ఉన్నాయి.

చదువు విలువ

ఎం.బి.ఎ.లో నేర్చుకొనే సూత్రాలను ఎం.బి.ఎ.లో చేరాలా వద్దా అన్న నిర్ణయానికే అన్వయించవచ్చు. నెలకు రూ. 30,000 జీతం వదిలి, మొత్తం రూ. 6,00,000 ఫీజుతో రెండు సంవత్సరాలు చదివే విద్యార్థికి ఈ చదువు ఖరీదు రూ. 6,00,000 కాదు. వదులుకున్న జీతం రూ. 7,20,000 కూడా కలిపి రూ. 13,20,000 అవుతుంది. అప్పు చేస్తే వడ్డీ అదనం. భోజన ఖర్చు చదివినా చదవకపోయినా ఉండేదే కాబట్టి, ఇంటికన్నా వసతిగృహంలో అదనంగా అయ్యేదానినే లెక్కించాలి.

దీనికి బదులుగా వచ్చేదేమిటన్న దానిపై అర్థశాస్త్రంలో రెండు అభిప్రాయాలున్నాయి. చదువు నైపుణ్యాన్ని పెంచుతుంది కాబట్టి జీతం పెరుగుతుందని గేరీ బెకర్ వంటివారి మానవ మూలధన సిద్ధాంతం చెబుతుంది. చదువు అప్పటికే ఉన్న సామర్థ్యానికి గుర్తుగా పనిచేస్తుందని, ఉద్యోగమిచ్చేవారు ఆ గుర్తును చూసి జీతం ఇస్తారని మైకేల్ స్పెన్స్ 1973లో ప్రతిపాదించాడు. ప్రవేశం కష్టమైన విద్యాలయంలో ఈ రెండు ప్రయోజనాలూ కలిసి ఉండవచ్చు. ఎవరికైనా ప్రవేశం దొరికే కళాశాలలో గుర్తుగా పట్టాకు విలువ తక్కువ. అక్కడ నేర్చుకున్న నైపుణ్యం ఒక్కటే విద్యార్థికి మిగులుతుంది. అందుచేత కళాశాలను ఎంచుకొనే విద్యార్థి ఫీజుతో పాటు అధ్యాపకుల అర్హతలను, బోధన నాణ్యతను, పూర్వ విద్యార్థులు ఏ పనులలో ఉన్నారన్న దానిని విచారించడం అవసరం. బ్యాంకు నిల్వను బ్యాంకు నుండే తెలుసుకోవాలి. అలాగే కళాశాల గురించి దాని ప్రకటనల నుండి కాక అక్కడ చదివినవారి నుండి తెలుసుకోవాలి.